పేలుడు పదార్థాన్ని పసిగట్టే వెలుగు

లేజర్ పరిశోధనలో ప్రయోగశాలకు ఎంత ప్రాధాన్యం ఉందో, అక్కడ తేలిన ఫలితాన్ని తోటి శాస్త్రజ్ఞుల పరీక్షకు నిలిపే సదస్సులకూ పత్రికలకూ అంతే ప్రాధాన్యం ఉంది. 1960లో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజరును వెలిగించినప్పుడు, ఆయన వ్యాసాన్ని అమెరికాలోని ప్రముఖ భౌతికశాస్త్ర పత్రిక ఒకటి తిప్పి పంపగా, ఆగస్టు 6న బ్రిటన్‌లోని 'నేచర్' దానిని అచ్చువేసింది.

బోరబండలో ఎంఎంటీఎస్ రైలెక్కి లింగంపల్లిలో దిగితే దగ్గరలోనే ఉండే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, డీఆర్‌డీవో సహకారంతో ఏర్పడిన అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రం, పేలుడు పదార్థాల అతి స్వల్ప జాడలను లేజరుతో గుర్తించే పద్ధతులపై ఏళ్ల తరబడి పరిశోధన పత్రాలు వెలువరించింది. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లను, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లను చూసిన నగరానికి ఈ కృషి ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి మూలం 1928 నాటి రామన్ ఫలితం. పదార్థంపై పడిన కాంతిలో అధిక భాగం రంగు మారకుండానే చెదిరిపోగా, సుమారు కోటి కాంతికణాల్లో ఒకటి మాత్రం అణువు కంపనాన్ని బట్టి రంగు మార్చుకొని వస్తుంది. ఆ మార్పు ఒక్కో అణువుకు ఒక్కో తీరుగా ఉంటుంది కనుక పదార్థమేదో దానివల్లే తెలుస్తుంది. రామన్ శిష్యుడు, తర్వాత ఉస్మానియా ఉపకులపతి అయిన సూరి భగవంతం ఈ ఫలితంపై రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1940లో ప్రచురించింది.

అంత బలహీనమైన సంకేతాన్ని పెంచడానికి హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ద్రవంలో ముంచిన వెండి, బంగారు రేకులపై ఫెమ్టోసెకను లేజర్ స్పందనలను, అంటే సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాలసేపే ఉండే వెలుగు తునకలను, ప్రయోగించి లోహపు సూక్ష్మకణాలను రాల్చారు. ఆ కణాలను వడపోత కాగితం వంటి చవకైన వస్తువుపై పట్టించి, దానిమీద పిక్రిక్ ఆమ్లమో అమ్మోనియం నైట్రేటో కలిసిన ద్రావణాన్ని ఒక్క చుక్క వేస్తే, కణాల సందుల్లో కాంతి క్షేత్రం అనేక రెట్లు పెరిగి రామన్ సంకేతం స్పష్టంగా అందుతుంది.

ఈ పెంపు సంగతి కూడా పత్రికల ద్వారానే తేలింది. 1974లో గరుకు వెండిపై బలమైన సంకేతాన్ని చూసిన ఫ్లైష్‌మన్ బృందం, ఉపరితలం పెరిగినందువల్ల ఎక్కువ అణువులు అంటుకున్నాయని భావించగా, 1977లో వేర్వేరుగా వచ్చిన రెండు పరిశోధన పత్రాలు లెక్కకట్టి ఆ వివరణ చాలదని నిరూపించాయి.

అమెరికాలో 1981 నుంచి 'క్లియో' పేరుతో జరుగుతున్న లేజర్, ఎలక్ట్రో ఆప్టిక్స్ సదస్సు వంటి వేదికలపై ప్రసంగం కొద్ది నిమిషాలదే అయినా, తర్వాత వచ్చే ప్రశ్నలే పరిశోధకునికి అసలు పరీక్ష. ఒకే కాగితంపై పది చోట్ల కొలిస్తే సంకేతం ఒకే తీరుగా వచ్చిందా, చేతిలో పట్టే చిన్న యంత్రంతోనూ అది అందుతుందా అన్న ప్రశ్నలకు సమాధానం దొరికిన పద్ధతే విమానాశ్రయ తనిఖీ దాకా వెళ్లగలుగుతుంది.