మొదటి బిడ్డనూ దక్కించుకోవాలని



మా పిల్లల విభాగంలో కొత్త చీటీ రాసేటప్పుడు ప్రతి తల్లినీ ఒక ప్రశ్న అడుగుతాము: "ఇంతకుముందు పుట్టి పోయిన పిల్లలున్నారా?" చాలామంది ఆ మాటకు తల దించుకుంటారు. కొందరు లేరంటారు. వెంట వచ్చిన అత్తగారు మందులు తెచ్చుకోవడానికి బయటికి వెళ్లాక, "ఒక మగపిల్లవాడు ఐదో నెలలో పోయాడండీ" అని మెల్లగా చెబుతారు. గాయాన్ని రేపాలని మేము అడగము. ఆ జవాబు మీద ఒక్కోసారి ఒడిలో ఉన్న బిడ్డ ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఎలాగో చెప్పాలంటే అమెరికాకు చెందిన డాక్టర్ జెన్నిఫర్ పక్ అనే శాస్త్రవేత్త చేసిన పని గురించి చెప్పాలి.

ఆమె ఎక్కువకాలం పరిశోధించిన జబ్బును ఇంగ్లీషులో సివియర్ కంబైన్డ్ ఇమ్యునో డెఫిషియెన్సీ అంటారు. పొడి అక్షరాలు కలిపి 'స్కిడ్' అని పలుకుతారు. రోగాలతో పోరాడే టి-కణాలు లేకుండా, లేదా దాదాపు లేకుండా బిడ్డ పుట్టడమే ఈ జబ్బు. ఒక సంగతి ముందే చెప్పాలి. 'రోగనిరోధక శక్తి లేదు' అనగానే మన దగ్గర అందరికీ ఎయిడ్స్ గుర్తుకొస్తుంది. ఇది అది కాదు. ఇది అంటుకునేది కాదు, ఎవరి నడవడికతోనూ సంబంధం లేదు. జన్యువులో ఒక తప్పు, అంతే.

ఈ బిడ్డ పుట్టినప్పుడు చక్కగా ఉంటాడు. తల్లి కడుపులో నుంచి తెచ్చుకున్న రక్షణ కొన్ని వారాలు, నెలలు కాపాడుతుంది. తరువాత మొదలవుతుంది: నోటిలో తగ్గని తెల్లపూత, ఆగని విరేచనాలు, మందులకు లొంగని న్యుమోనియా. బరువు పెరగడు. వైద్యం అందకపోతే ఈ బిడ్డల్లో చాలామంది మొదటి పుట్టినరోజు చూడరు. ఊళ్లో వాళ్లు దిష్టి అంటారు, వంశదోషం అంటారు. మరణకారణం దగ్గర డాక్టరు న్యుమోనియా అని రాస్తారు. అసలు జబ్బు పేరు ఎవరికీ తెలియకుండానే పోతుంది.

విచారమేమిటంటే వైద్యం కొత్తది కాదు. 1968లోనే అమెరికాలోని మినియాపొలిస్‌లో డాక్టర్ రాబర్ట్ గుడ్ బృందం ఒక ఐదు నెలల బాబుకు అక్క ఎముక మజ్జ ఎక్కించి బ్రతికించింది. ఆ కుటుంబంలో అప్పటికే అనేకమంది మగశిశువులు పోయారు. టెక్సాస్‌లో 1971లో పుట్టిన డేవిడ్ వెటర్ కథ కూడా అలాంటిదే. ప్లాస్టిక్ గుడారంలో పెరిగిన ఆ బాబును ప్రపంచమంతా 'బుడగలో బాబు' అంది. పుట్టిన క్షణం నుంచీ అతణ్ణి కాపాడగలిగారంటే, అంతకుముందు అతని అన్న ఏడు నెలల వయసులో ఈ జబ్బుతోనే పోయాడు గనుక. డేవిడ్ పన్నెండేళ్లు బ్రతికాడు. అక్క మజ్జ ఎక్కించిన తరువాత, 1984లో చనిపోయాడు.

బ్రిటన్‌లోని రెండు ఆసుపత్రుల లెక్కలు 2011లో ప్రచురితమయ్యాయి. కుటుంబంలో ఈ జబ్బుతో మొదటగా పుట్టిన పిల్లల్లో బ్రతికినవారు నూటికి 40 మంది. వాళ్ల తరువాత పుట్టి, ముందే జబ్బు తెలిసిన తమ్ముళ్లు, చెల్లెళ్లలో నూటికి 90 మంది. అదే జబ్బు, అవే ఆసుపత్రులు. పెద్దబిడ్డ చనిపోయి చిన్నబిడ్డను కాపాడాడన్నమాట. పెద్దబిడ్డనూ కాపాడే దారి ఏది? డాక్టర్ పక్ పనంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే చేరింది.

ఆమె మొదలుపెట్టింది మాత్రం తల్లుల దగ్గర. ఈ జబ్బులో ఎక్కువగా కనిపించే ఒక రకం మగపిల్లలకే వస్తుంది, తల్లి ద్వారా వస్తుంది. కాని తల్లికి ఏ జబ్బూ ఉండదు. స్త్రీ శరీరంలో ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. ఒక్కో కణం వాటిలో ఒకదాన్నే వాడుకుంటుంది. మామూలుగా సగం కణాలు ఒకటి, సగం కణాలు రెండోది వాడతాయి. ఈ తల్లుల టి-కణాలు మాత్రం అన్నీ మంచి క్రోమోజోమునే వాడుతున్నట్టు ఆమె, సహచరులు 1987లో చూపించారు. చెడ్డదాన్ని వాడిన కణం అసలు ఎదగలేదు. దీనితో ఏ స్త్రీ ఈ లోపాన్ని మోస్తున్నదో చెప్పడం సాధ్యమైంది. 1993లో ఆ జన్యువు కూడా దొరికింది. ఆమె బృందమూ మరో బృందమూ వేరువేరుగా దాన్ని కనుగొన్నాయి.

జన్యువు దొరికినంత మాత్రాన ఊరికే ఉన్న పసిబిడ్డకు జబ్బుందని ఎలా తెలుస్తుంది? స్కిడ్‌కు కారణమయ్యే జన్యువులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. పుట్టిన ప్రతి బిడ్డకూ అన్నీ వెతకడం కుదరదు. అయితే అమెరికాలో 1960ల నుంచే నవజాత శిశువుల మడమ నుంచి రెండు మూడు చుక్కల రక్తం తీసి, కాగితం మీద ఆరబెట్టి వేరే జబ్బులకు పరీక్షిస్తున్నారు. ఆ ఎండిన చుక్కలోనే టి-కణాల జాడ పట్టవచ్చునని డాక్టర్ పక్, ఆమె ప్రయోగశాలలో పనిచేసిన కీ చాన్ 2005లో చూపించారు.

దర్జీ కొట్టు సంగతి ఆలోచించండి. చొక్కాలు కుడుతున్నాడో లేదో చూడాలంటే చొక్కాలే లెక్కపెట్టనక్కరలేదు. మిషను కింద గుడ్డపేలికలున్నాయా అని చూస్తే చాలు. రొమ్ము ఎముక వెనక ఉన్న థైమస్ గ్రంథిలో టి-కణం తయారవుతున్నప్పుడు డి.ఎన్.ఎ.లో కొంత ముక్క కత్తిరించి పక్కన పడేస్తుంది. ఆ ముక్క చిన్న ఉంగరంలా చుట్టుకుని కణంలోనే మిగిలిపోతుంది. దాని పేరు ట్రెక్. రక్తపు చుక్కలో ట్రెక్‌లు బాగా ఉంటే థైమస్ పనిచేస్తున్నట్టు. లేకపోతే ఆ బిడ్డను వెంటనే పిలిపించాలి. ఏ జన్యువు చెడిందో తరువాత చూసుకోవచ్చు.

2008 జనవరిలో విస్కాన్సిన్ రాష్ట్రం ఈ పరీక్ష మొదలుపెట్టింది. 2018 చివరికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ వచ్చింది. మధ్యలో 2014లో డాక్టర్ పక్ బృందం 30 లక్షలకు పైగా శిశువుల లెక్క ప్రచురించింది. వారిలో 52 మందికి స్కిడ్. అంటే సుమారు 58,000 మందికి ఒకరు. అంతకుముందు లక్షకు ఒకరనుకునేవారు. ఆ తేడాలో ఉన్నది పేరు లేకుండా పోయిన పిల్లలే అని మేము అనుకుంటున్నాము. ఆ 52 మందిలో 45 మంది బ్రతికారు. అదే ఏడాది ఆమె కూడా పాల్గొన్న మరో అధ్యయనంలో, మూడున్నర నెలల లోపు మజ్జ మార్పిడి జరిగిన పిల్లల్లో నూటికి 94 మంది బ్రతికారు. ఇన్‌ఫెక్షన్ ముదురుతుండగా చేసినవారిలో నూటికి 50 మందే.

ఈ పరిశోధనలో మనవాళ్ల చేయి కూడా ఉంది. పరీక్షలో టి-కణాలు తక్కువగా కనబడిన ఒక బిడ్డలో తెలిసిన జన్యువులేవీ చెడలేదు. అసలు తప్పు బి.సి.ఎల్.11బి అనే జన్యువులో ఉందని 2016లో తేలింది. ఆ పరిశోధనా పత్రం రాసినవారిలో హైదరాబాదులోని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ పరిశోధకులూ ఉన్నారు.

మన దేశంలో ప్రతి శిశువుకూ ఈ పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం లేదు. అందువల్ల మనకు ఇంకా పాత దారే దిక్కు: పోయిన బిడ్డ కథ. పైగా మనకొక అదనపు చిక్కుంది. పుట్టగానే బి.సి.జి. సూది వేస్తాము, పోలియో చుక్కలు వేస్తాము. రెండింటిలోనూ బలహీనపరచిన సజీవ క్రిములుంటాయి. మామూలు బిడ్డకు అవి రక్ష. ఎవరూ మానవద్దు. స్కిడ్ ఉన్న బిడ్డలో మాత్రం బి.సి.జి. క్రిమి ఒళ్లంతా పాకి ప్రాణం తీయవచ్చు. ఒకసారి సూది పడ్డాక వెనక్కు తీసుకోలేము.

మేనరికం సంగతి కూడా అడుగుతుంటారు. స్కిడ్‌లో కొన్ని రకాలకు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం రావాలి. దగ్గరి సంబంధాల్లో అవి ఎక్కువ. ఎక్స్ క్రోమోజోము రకానికి మేనరికంతో పనిలేదు. ఆ లోపం కొన్నిసార్లు కొత్తగా కూడా పుడుతుంది. ఏ రకమైనా సరే, కోడలిని నిందించడానికి ఇందులో ఏమీ లేదు. ఆ మాట మేము అత్తగార్లతో గట్టిగానే చెబుతుంటాము.

అనుమానం వస్తే మొదటి మెట్టు పెద్ద ఖర్చుది కాదు. మామూలు రక్తపరీక్షలోనే తెల్లకణాల వివరాలుంటాయి. పసిబిడ్డలో లింఫోసైట్లు మైక్రోలీటరుకు 3,000 కంటే తక్కువగా ఉంటే ఇంకా లోతుగా చూడాలి. సరిపడా ఉన్నా, కథ అనుమానంగా ఉంటే పెద్ద ఆసుపత్రికి పంపవలసిందే. ఎముక మజ్జ మార్పిడి మన వెల్లూరు సి.ఎం.సి.లోనూ చేస్తున్నారు.

కాబట్టి పురిటికి వచ్చేటప్పుడే చెప్పండి. పోయిన బిడ్డ మగా ఆడా, ఎన్నో నెలలో పోయాడు, ఏ జబ్బుతో, తల్లి అన్నదమ్ముల్లో గాని మేనమామల్లో గాని పసితనంలోనే పోయినవారున్నారా. అత్తగారి ముందు చెప్పడం కష్టమైతే నర్సమ్మ చెవిలో చెప్పండి, చీటీ మీద ఆమె రాసుకుంటుంది. బి.సి.జి. వేయకముందే చెప్పాలి, అది మాత్రం మరచిపోకండి.