సిపాయి విడుదల పుస్తకము – ఇల్లాలి జాగ్రత్త

మన యిండ్లలో బంగారమునకు తాళమున్నది, బియ్యమునకు మూతయున్నది. కాగితములకు మాత్రము అటుకయే గతి. మగవారి ఉద్యోగపు కాగితములతో మనకేమి పనియని మనలో పెక్కుమంది తలంతురు. నేనును అట్లే తలంచుచుంటిని. మా పొరుగింటి వృద్ధదంపతుల కథ కన్నులారా చూచిన పిమ్మట నా తలంపు మారినది. ఆ సంగతి మీతో ముచ్చటించుటకే యీ వ్యాసము.

చార్మినారునకు చేరువనున్న మా మొఘల్‌పురాలో మా యింటికి రెండిండ్ల యవతల ఒక తాతగారు కలరు. ఆయన పడుచుతనమున సైన్యములో సిపాయిగా పనిచేసిరి. ఒకనాటి మధ్యాహ్నము ఆయన భార్య, మేమందరము అవ్వయని పిలుచు నామె, చీరకొంగున చుట్టిన చిన్న పుస్తకము నొకదానిని తెచ్చి నా ముందు పెట్టినది.

"పంతులమ్మా, గిండ్ల ఏం రాసిండ్రో జర సదివి చెప్పు. పదునైదేండ్లు నిండలేదట, అందుకే పింఛను లేదట. నేను లెక్కబెట్టిన్నాయె, నిండినయి!" అన్నది.

అది ఆయన విడుదల పుస్తకము. దీనిని సైన్యమువారు డిశ్చార్జి బుక్కు అందురు.

కథ ముందుకు సాగుటకు మునుపు రిజర్వు సిపాయి యనగా నెవరో చెప్పవలసియున్నది. పూర్వము సైన్యములో చేరువారి కొలువు రెండు భాగములుగా నుండెడిది. మొదటి భాగమున పటాలములోనే యుండి పనిచేయవలెను. ఇది కలర్ సర్వీసు. పిమ్మట ఇంటికి పంపివేయుదురు గాని పేరు కొట్టివేయరు. శిక్షణకు పిలిచినను, యుద్ధమునకు పిలిచినను వెంటనే పోవలెను. ఇది రిజర్వు సర్వీసు. 1960 ప్రాంతములందు చేరినవారిలో పెక్కుమందికి మొదటిది ఏడేండ్లు, రెండవది ఎనిమిదేండ్లుగా నుండినది. శాఖను బట్టియు కాలమును బట్టియు ఈ యొడంబడిక మారుచుండెడిది. రెండును కలిసి పదునైదేండ్లకు తక్కువ కాకున్నచో రిజర్వు పింఛనునకు అర్హత కలుగునని 1961 నాటి సైనిక పింఛను నిబంధనలు చెప్పుచున్నవి. ఒక్క యేడు తగ్గినట్లు కాగితములో కనబడినను ఆ యర్హతకు ముప్పు వాటిల్లును.

రిజర్వునకు సంబంధించిన యొక్క పంక్తి ఎంత విలువైనదో నావికుల వ్యవహారము వలన తెలియును. నౌకాదళమున పదేండ్లు కొలువు చేసి, పిమ్మట పదేండ్లు ఫ్లీట్ రిజర్వులో నుండు పద్ధతి యొకప్పుడు కలదు. 1976లో ఆ పద్ధతి నిలిపివేయబడినది. రిజర్వులోనికి వాస్తవముగా తీసికొనబడని నావికులు రిజర్వు పింఛను కోరజాలరని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తాను రిజర్వులో నుంటినని నోటితో చెప్పినచో చాలదు; పుస్తకము చెప్పవలెను.

ఇక మా తాతగారి పుస్తకమునకు వత్తము. 1964 జనవరిలో చేరినట్లును, 1971 జనవరిలో రిజర్వునకు మారినట్లును అందులో స్పష్టముగా నున్నది. చివరి పుటలో మాత్రము రిజర్వు నుండి విడుదల 1978 జనవరి యని యున్నది. పదునాలుగేండ్లే! తాతగారు 1979 అని మొదటి నుండియు చెప్పుచునే యుండిరి. కాని "పుస్తకములో లేనిది మేమెట్లు వ్రాయుదుము?" అను జవాబే ప్రతిసారియు వచ్చెనట. ఆయన విసిగి ఊరకుండిరి. చిన్న జీతమునకు ఒక గిడ్డంగి కావలి కాచి సంసారము నడపిరి.

దుష్యంతుని సభలో శకుంతల ఎంత మొఱపెట్టుకొన్నను ఉంగరము లేనిదే యామె మాట చెల్లలేదు గదా! ఆ ఉంగరము చేప కడుపున దొరికినది. తాతగారి ఉంగరము అవ్వ ట్రంకు పెట్టెలో దొరికినది. నేనడుగగా ఆమె పెట్టె యడుగు నుండి పెండ్లిపత్రికలతో కలిసియున్న పాత కవరు నొకదానిని తీసినది. అది 1978 ఆగష్టులో శిక్షణకు రమ్మని తాతగారికి వచ్చిన ఉత్తరువు. జనవరిలోనే విడుదల చేసిన మనిషిని ఆగష్టులో శిక్షణకు పిలుతురా? గుమాస్తా చేతిలో 9 అంకె 8గా మారినదనుటకు అంతకన్న వేఱు సాక్ష్యమేమి కావలెను? "అప్పుడు పెద్దోడు కడుపుల ఉండె, అందుకే దాసుకున్న" అని అవ్వ నవ్వినది.

ఇంతలో రెండవ చిక్కు వచ్చినది. ఒక కాగితములో తాతగారు పుట్టినది 1943 అనియు, మఱియొకదానిలో 1944 అనియు నున్నది. ఇద్దరు మనుష్యులేమో యను శంకకు అది చోటిచ్చును. దీనిని మావారు విప్పిరి. పాత హైదరాబాదు రాజ్యమున దస్తరములన్నియు ఫసలీ సంవత్సరములలో నడచెడివి. ఆ సంవత్సరము అక్టోబరులో మొదలగును. అందుచేత అక్టోబరు నుండి డిసెంబరు వఱకు ఫసలీకి 590 కలుపవలెను. జనవరి నుండి 591 కలుపవలెను. తాతగారి పుట్టుక ఫసలీ 1353లో, మార్చి ప్రాంతమున. ఒకరు 590 కలిపిరి, ఒకరు 591 కలిపిరి. సరియైనది 1944. పాతనగరపు కుటుంబములవారు తమ పెద్దల కాగితములలో ఒక యేడు తేడా కనబడినచో ముందుగా ఈ లెక్క చూచుకొనవలెను.

తప్పు కనబడినప్పుడు చేయవలసిన పనులు నాకు తెలిసినంత వఱకు చెప్పెదను.

మొట్టమొదట, మీ చేతితో పుస్తకములో నేమియు దిద్దకుడు. నిజము కొఱకు దిద్దినను అది దొంగదిద్దుబాటుగా కనబడును.

బ్యాంకువారితో వాదించి ఫలము లేదు. తప్పు వ్రాసిన చోటనే అది దిద్దబడవలెను. ప్రతి శాఖకును ఒక రికార్డు కార్యాలయము కలదు. అది మన యూరనే యుండునని తలంపరాదు. మరమ్మతు శాఖయగు ఇ.యం.ఇ. వారిదియు, ఆయుధసామగ్రి శాఖయగు ఏ.ఓ.సి. వారిదియు సికిందరాబాదులో నున్నవి. కాని ఫిరంగిదళమువారు గోలకొండలో శిక్షణ పొందినను వారి రికార్డులు నాసికురోడ్డులో నుండును. అర్జీలో సైనికసంఖ్య, హోదా, పేరు, పటాలము, చేరిన తేదీ, తప్పుగానున్న పంక్తి, సరియైన పంక్తి, దానికి ఆధారము – ఇంతమాత్రము వ్రాయవలెను. అసలు కాగితములు పంపక నకళ్లు పంపి, రిజిష్టరు రశీదు దాచుకొనవలెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమువారు ఇట్టి యర్జీలకు తోడ్పడుదురు.

జవాబు రానిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము పది రూపాయల రుసుముతో నకలు కోరవచ్చును. సాధారణముగా ముప్పది దినములలో జవాబీయవలెను. అప్పటికిని న్యాయము జరుగనిచో 2007 చట్టముచే ఏర్పడి, 2009లో పని ప్రారంభించిన సాయుధదళముల ట్రైబ్యునలు కలదు. తెలుగు రాష్ట్రములవారికి దాని చెన్నపట్టణపు శాఖ దిక్కు.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలము. పింఛను లేని సిపాయి సేవాపత్రములను సైనికనిబంధనల ప్రకారము ఇరువదియైదేండ్లు మాత్రమే యుంచి పిమ్మట నాశనము చేయుదురు. లాంగ్ రోల్ అను పెద్ద పట్టిక మాత్రము మిగులును. తాతగారి విషయమున జరిగినది ఇదియే. పత్రములు లేవు, పట్టికలోని యొక పంక్తియు అవ్వ దాచిన ఉత్తరువును కలిసి ఆయనను గట్టెక్కించినవి. రికార్డు కార్యాలయమువారు తేదీ సవరించిరి. ప్రయాగరాజు నుండి పింఛను ఉత్తరువు వచ్చినది. కాని బాకీ మూడేండ్లకే దక్కినది. ఆలస్యముగా అడిగినవారికి సాధారణముగా మూడేండ్లకు మించి వెనుకటి బాకీ యీయనక్కఱలేదని 2008లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. అంతకుముందు గడచిన దశాబ్దముల సొమ్ము పోయినట్లే. ఆ యేండ్లలోనే వారి పెద్దకొడుకు చదువు మానినాడు, అవ్వ పుస్తెలు మార్వాడీ కొట్టుకు పోయినవి. అవి తిరిగి వచ్చునవి కావు.

ఉత్తరువులో తన పేరు కూడ నున్నదా యని అవ్వ నాచేత రెండుసార్లు చదివించుకొన్నది. ఉన్నది. ఆ జాగ్రత్త మనకందరకును కావలెను. భర్త కాగితములలో భార్య పేరు లేకున్నను, ఆధారుకార్డులో నొకతీరుగను అక్కడ నొకతీరుగను ఉన్నను, ఆయన కాలము చేసిన పిమ్మట కుటుంబ పింఛనునకు ఆమె కాళ్లరిగిపోవునట్లు తిరుగవలసి వచ్చును. ఆయన జీవించియున్నప్పుడు ఆయన సంతకముతో దిద్దించుకొనుట సులభము.

మీ యింట సిపాయిగా పనిచేసినవారుండిన యెడల నేటి సాయంకాలమే ఆ పుస్తకము తీయించి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ప్రతి తేదీయు చదివి వినిపింపుడు. తప్పున్నచో ఆయన చెప్పగలరు.