చిరునామా పారేసుకున్న ప్రోగ్రాము

ఉప్పల్‌లో ఉన్న మీ స్నేహితుడికి ఉత్తరం రాశారనుకోండి. కవరు మీద పేరు, ఇంటి నంబరు, వీధి రాసి, చివర 500039 అని పిన్‌కోడ్ వేస్తారు. నాచారానికైతే 500076. మన దేశంలో ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. కవరు మీద ఉన్నది ఇల్లు కాదు, ఇల్లు ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే. కవరు చినిగితే ఇల్లు కూలిపోదు. కాని ఆ చిరునామా ఇంకెక్కడా రాసి లేకపోతే ఇంటికి దారి తెలియదు.

కంప్యూటరులోనూ ఇదే చిక్కు వస్తుంది. అదెలాగో చూద్దాం.

నంబర్లున్న గూళ్ళు

కంప్యూటరు మెమరీ అంటే వరుసగా పేర్చిన గూళ్ళు. ప్రతి గూటికీ ఒక నంబరు ఉంటుంది. అదే దాని చిరునామా. నాచారానికి దగ్గర్లోనే ఉన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసింది. అది 12 బిట్ల యంత్రం. 12 బిట్లతో ఎన్ని వేర్వేరు నంబర్లు రాయవచ్చు? పన్నెండు రెండ్లను వరుసగా గుణించి చూడండి. 4,096 వస్తుంది. ఆ రోజుల్లో ఒక్కొక్క గూడూ ఎంతో విలువైనది. నేటి సెల్‌ఫోనులో గూళ్ళు వందల కోట్లు. ఒక్కో గూటిలో ఒక్కో బైటు పడుతుంది.

2000 నంబరు గూటిలో మీ లెక్కల మార్కులు, 45, ఉన్నాయనుకుందాం. 3000 నంబరు గూటి నుంచి 2000 అనే సంఖ్య రాసి ఉంది. ఇది మార్కులు కాదు, మార్కులున్న చోటు. ఇలా చిరునామాను దాచుకునే దానినే 'పాయింటర్' అంటారు. పాయింటర్ అంటే చీటీ అన్నమాట.

అద్దె గది కథ

1972 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన 'సి' భాషలో, ప్రోగ్రాము తనకు కావలసిన చోటును అడిగి తీసుకోవచ్చు. అడిగే ఆజ్ఞ 'మాలాక్', తిరిగి అప్పగించే ఆజ్ఞ 'ఫ్రీ'.

నాచారం పారిశ్రామికవాడలో ఒక పెద్ద గోడౌన్ ఉందనుకోండి. వర్తకుడు వచ్చి గది అడిగాడు. యజమాని 5000 నంబరు గది ఇచ్చాడు. వర్తకుడు ఆ నంబరును చీటీ మీద రాసుకున్నాడు. కొన్నాళ్ళకు ఇంకో గది అడిగితే 6000 దొరికింది. అదే చీటీ మీద 5000 కొట్టేసి 6000 రాశాడు. ఇప్పుడు 5000 సంగతి ఏమిటి? వర్తకుడికి ఆ నంబరు గుర్తులేదు కనుక తిరిగి అప్పగించలేడు. యజమాని పుస్తకంలో అది ఇంకా అద్దెకిచ్చిన గదే కనుక వేరొకరికి ఇవ్వడు. గది అక్కడే ఉంది, కాని ఎవరికీ పనికిరాదు. దీన్నే 'మెమరీ లీక్' అంటారు.

చిన్న కారుడే కదా!

ప్రోగ్రాము ముగియగానే సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్ ఆ గదులన్నిటినీ స్వాధీనం చేసుకుంటుంది. అందుకే బడిలో ఐదు నిమిషాలు నడిపే ప్రోగ్రాములో ఈ తప్పు బయటపడదు. కాని రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచే ప్రోగ్రాము సంగతి వేరు. బస్సుల వేళలు చూపే బోర్డులో సెకనుకు 1 కిలోబైటు చొప్పున కారిపోతోందనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు. అంటే 86,400 కిలోబైట్లు. ఒక గిగాబైటులో 10,48,576 కిలోబైట్లుంటాయి. భాగించి చూడండి. పన్నెండు రోజులు దాటేసరికి గిగాబైటు ఖాళీ! మెమరీ అంతా అలా నిండిపోతే బోర్డు మందగిస్తుంది, చివరికి ఆగిపోతుంది. చినుకు చినుకే చెరువు నిండినట్టు.

దీనికి తలకిందులు తప్పు కూడా ఉంది. గదిని అప్పగించేసి, పాత చీటీని పట్టుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళడం. ఈలోగా అందులో వేరొకరి సరుకు చేరి ఉండవచ్చు. దాన్ని చెరిపేస్తే అది లీక్ కన్నా ప్రమాదం.

మరి ఉపాయం?

జాన్ మెకార్తీ 1959 ప్రాంతంలో లిస్ప్ భాష కోసం ఒక ఉపాయం కనిపెట్టాడు. ఏ చీటీ ద్వారానూ చేరలేని గదులను యంత్రమే వెతికి ఖాళీ చేస్తుంది. నేటి జావా, పైథాన్ భాషల్లోనూ ఇలా తనంతట తానే ఊడ్చుకునే ఏర్పాటు ఉంది. అయినా అక్కరలేని చీటీలను మీరే దాచి ఉంచితే ఆ యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

మీరూ చేసి చూడండి. పది అగ్గిపెట్టెలకు నంబర్లు వేయండి. ఒకరు యజమాని, ఒకరు ప్రోగ్రాము. పెట్టె ఇచ్చినప్పుడల్లా యజమాని పుస్తకంలో రాయాలి. ప్రోగ్రాము దగ్గర చీటీ ఒక్కటే ఉండాలి. అప్పగించకుండా నంబరు మారుస్తూ పోతే, పదకొండోసారి అడిగినప్పుడు ఏమవుతుందో మీకే తెలుస్తుంది. అప్పుడు 'మాలాక్' రాసిన ప్రతిచోటా 'ఫ్రీ' ఎక్కడ రాయాలో ముందే ఆలోచించుకోవడం అలవాటవుతుంది.