బ్రిటను ద్వీపపు పెరటిమూలికలు

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనలో నొక సామెత కలదు. చేరువనున్న దానియందు గౌరవము తగ్గుటయు, దూరమునుండి వచ్చినదానికి వెల హెచ్చుటయు మనదేశమునందే కాదు, అంతటను గలదు. ఇంగ్లండునందును నట్లే యుండెను. దాదాపు 500 ఏండ్లక్రిందట నచ్చటి పండితవైద్యులు గ్రీకు, లాటిను గ్రంథములను జదివి, పరదేశపు సరకులను వెలపెట్టి తెప్పించుచు, తమ కంచెలలోను బాటల ప్రక్కలను మొలచు మొక్కల పేరులనైన నెఱుగకుండిరి. ఆ మొక్కల నెఱిగినవారు పల్లెటూళ్ల ముదుసళ్లును గృహిణులును. గ్రంథపుఁ దెలివియు నింటితెలివియు నెట్లు కలిసికొనెనో, కలిసికొన్న పిమ్మట లోకమున కేమి మేలు కలిగెనో సోదరీమణులకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఆ ద్వీపవాసులు తొలినుండియు తమ మూలికలయెడ నుపేక్ష చేసిరని తలపరాదు. 10వ శతాబ్దమున ఆనాటి యాంగ్లభాషలో వ్రాయబడిన ‘బాల్డు వైద్యగ్రంథ’ మనునది నేటికిని లండనునందలి బ్రిటిషు లైబ్రరీలో నున్నది. కంటిఱెప్పపై లేచు కురుపునకు దానిలో నొక మందు చెప్పబడినది. వెల్లుల్లిని, ఉల్లిజాతికి జేరిన మఱియొక దుంపను సమముగా నూఱి, ద్రాక్షసారాయమును ఎద్దుపిత్తమును గలిపి, ఇత్తడిపాత్రలో తొమ్మిది రాత్రులుంచి, వడగట్టి వాడవలెనట. 2015వ సంవత్సరమున నాటింగుహాము విశ్వవిద్యాలయమువారు దీనిని విధి తప్పక తయారుచేసి ప్రయోగశాలలో పరీక్షింపగా, నేటి ఘనమైన మందులకును లొంగని యొక జాతి సూక్ష్మక్రిములను ఇది చంపెను. ఏ యొక్క వస్తువును విడిగా నంతటి పని చేయలేదు. అన్నియు గలిసి తొమ్మిదిదినములు నిలిచినప్పుడే గుణము కనబడెను. ఇంతమాత్రమున పాతమందులన్నియు మంచివని గాని, దీనిని మనము కంటికి బెట్టుకొనవచ్చునని గాని యర్థము కాదు. తేటమాటలలో వ్రాసిపెట్టిన విధి వేయియేండ్లకైనను పరీక్షకు నిలువగలదని మాత్ర మర్థము.

తరువాతికాలమున విద్య యంతయు లాటినుభాషలోనికి జేరెను. వైద్యులకు ప్రమాణగ్రంథము 1వ శతాబ్దమువాడగు డయస్కోరిడీసు వ్రాసినది. అతడు గ్రీకువాడు, అతడు చెప్పినవి మధ్యధరా సముద్రతీరపు మొక్కలు. ఎండదేశపు గ్రంథమును చేతబట్టుకొని, మంచుదేశపు పొలములలో నా మొక్కలను వెదకిన దొరకునా? దొరకినదానికెల్ల గ్రంథములోని పేరు తగిలించుటయు, ఒక్కపేరే మూడు మొక్కలకు జెల్లుటయు సంభవించెను. మనదేశమున బ్రాహ్మి యను పేరు రెండు వేర్వేరు మొక్కలకు వ్యవహారమున నుండుట పలువు రెఱిగినదే. అమరకోశమందలి వనౌషధివర్గమును కంఠపాఠముగా నప్పగించియు, దొడ్డిలోని మొక్క నానవాలు పట్టలేనివారు మనలోను గలరు. ఆనాటి యాంగ్లవైద్యుల స్థితి యదియే.

ఈ దోషమును గనిపెట్టి మొదట పూనుకొన్నవాడు విలియము టర్నరు. ఇతడు ఇంగ్లండు ఉత్తరభాగమున మార్పెతు అను నూర జన్మించి, కేంబ్రిడ్జిలో చదివెను. అచ్చట మూలికల పేరులను సరిగా జెప్పగలవా డొక్కడును తనకు దొరకలేదని యతడే తరువాత వ్రాసికొనెను. మతవిషయమున రాజాగ్రహమునకు గురియై దేశము విడిచి, ఇటలీ మొదలగు దేశములలో దిరిగి, మొక్కలను కంటజూచి నేర్చుకొనెను. 1548లో మూలికల పేరులను గ్రీకు, లాటిను, ఆంగ్ల, జర్మను, ఫ్రెంచి భాషలలో జతపఱచి యొక చిన్నపుస్తకమును, 1551లో ‘నూతన మూలికాగ్రంథము’ మొదటి భాగమును ప్రకటించెను. 1568లో గ్రంథ మంతయు వెలువడెను. ఆ యేటనే యతడు మరణించెను.

అతడు చేసిన సాహసమేమనగా, వైద్యమును దేశభాషలో వ్రాయుట. శాస్త్రమును పామరుల పాలు చేసెనని నిందించువా రుందురని యెఱిగియే, తన పీఠికలో ముందుగా సమాధానము చెప్పెను. డయస్కోరిడీసు తనవారికొఱకు తన భాషలోనే వ్రాసెను గదా యనెను. మఱియు, వైద్యుడు మూలికల విషయమున మందులమ్మువానిని నమ్ముచున్నాడు; మందులమ్మువాడు మూలికలేరితెచ్చు ముసలమ్మను నమ్ముచున్నాడు; లాటినురాని యా ముసలమ్మ పొరపడినచో రోగి ప్రాణమున కెవరు పూచీ యని యడిగెను. ఈ ప్రశ్నయందే విషయమంతయు నున్నది. పండితుని పాండిత్యము చిట్టచివరకు చదువురాని యొక వృద్ధురాలి కంటిచూపుమీద నాధారపడియుండెను.

ఆ కాలమున నింటివైద్యము గృహిణీధర్మములలో నొకటి. కలిగినవారి యిండ్లలో నర్కములు దింపుటకును, మూలికల నారబెట్టుటకును ప్రత్యేకముగా నొక గది యుండెడిది. యార్కుషైరులోని లేడీ మార్గరెట్టు హోబీ యను నామె 1599 మొదలు కొన్నియేండ్లు వ్రాసిన దినచర్య నేటికిని నిలిచియున్నది. పేదల గాయములకు గట్లుగట్టుట యామె దినకృత్యములలో నొకటిగా నందు కనబడును. కెంటు ప్రభువు భార్యయగు ఎలిజబెత్తు గ్రే సేకరించిన మందుల విధులు, ఆమె మరణానంతరము 1653లో అచ్చుపడి, పలుమారులు పునర్ముద్రణ పొందెను. తల్లి కూతునకు వ్రాసియిచ్చిన యిట్టి చేతివ్రాత పుస్తకములనేకము లింగ్లండు గ్రంథాలయములలో గలవు.

పుస్తకమున నున్నదెల్ల నిజమనుకొనుటయు ప్రమాదమే. 1597లో జాన్ జెరార్డు ప్రకటించిన పెద్ద మూలికాగ్రంథమున చెట్టునకు గాచు గవ్వలనుండి బాతులు పుట్టునని వ్రాయబడియున్నది. థామసు జాన్సను అను మందుల వర్తకుడు 1633లో నా గ్రంథమును తప్పులు దిద్ది మరల నచ్చువేసెను. ఇతడు కొట్టులో గూర్చుండి దిద్దినవాడు కాడు. 1629లో మిత్రులతో గలిసి కెంటు మండలమున దిరిగి, కనిన మొక్కలనన్నింటిని జాబితా వ్రాసి ముద్రించెను. 1639లో వేల్సునందలి స్నోడను కొండ యెక్కెను. రాజునకు ప్రజాప్రతినిధిసభకు జరిగిన యుద్ధమున గాయపడి 1644లో మరణించెను. 1650లో విలియము హౌ ప్రకటించిన పుస్తకము బ్రిటను మొక్కలనే ప్రత్యేకముగా జెప్పిన మొదటి గ్రంథము.

పేదలకొఱకు కలము పట్టినవాడు నికొలసు కల్పెపరు. లండను వైద్యసంఘమువారు లాటినులో రహస్యముగా నుంచుకొన్న యౌషధసంహితను 1649లో నాంగ్లములోనికి మార్చి వారి యాగ్రహమునకు బాత్రుడయ్యెను. 1652లో ‘ఆంగ్ల వైద్యుడు’ అను గ్రంథము వ్రాసి, మూడు పెన్నీల ఖర్చుతో ఇంగ్లండున మొలచు మూలికలతోనే రోగములు కుదుర్చుకొనవచ్చుననియు, ఆ దేశపు మొక్కలే యా దేశపు శరీరములకు దగినవనియు చాటెను. 37 ఏండ్లకే గతించినను అతని పుస్తకము నేటివఱకును మరల మరల నచ్చగుచునే యున్నది. అయితే యతడు ప్రతిమూలికకును నొక గ్రహమును గట్టిపెట్టి, ఆ గ్రహబలమునుబట్టి రోగమును నిర్ణయించెను. దయ కలదు, భాష కలదు, పరీక్ష మాత్రము చాలలేదు.

ఆ కొఱత దీర్చుటకు దారిచూపినవాడు జాన్ రే. ఇతడొక పల్లెటూరి కమ్మరి కుమారుడు. తల్లి మూలికల నెఱిగి యిరుగుపొరుగువారికి మందు లిచ్చుచుండెడిదని చెప్పుదురు. జబ్బుపడి కోలుకొనుచు పొలములవెంట దిరుగునప్పుడు మొక్కలపై మనసు కలిగెనని యతడే వ్రాసెను. 1660లో కేంబ్రిడ్జి పరిసరములందలి మొక్కలను, 1670లో ఇంగ్లండు మొక్కలను, 1690లో బ్రిటను మొక్కలన్నింటిని గూర్చి గ్రంథములు రచించెను. ఏ మొక్క యేది, దాని పోలికగలది మఱియేది యని యిట్లు నిర్ణయమైన పిమ్మటనే గుణపరీక్ష కర్థము కలిగెను.

1763లో చిప్పింగు నార్టను గ్రామప్రాంతపు మతాచార్యుడు ఎడ్వర్డు స్టోను తెల్లవిల్లో చెట్టు పట్టను గూర్చి రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. ఆ పట్ట రుచిచూడగా విదేశమునుండి వచ్చు సింకోనా పట్టవలె చేదుగా నుండెను. చలిజ్వరము పుట్టు తేమనేలలోనే దాని మందును మొలచియుండునని యతడు తలచెను. ఆ తలపు శాస్త్రసమ్మతము కాదు. కాని పట్టను మూడునెలలకు మించి రొట్టెలపొయ్యిమీద నారబెట్టి, పొడిచేసి, స్వల్పముగా నారంభించి కీడు లేదని చూచి మోతాదు పెంచుచు, సుమారు 50 మందికి యిచ్చి ఫలము నెలకొల్పెను. ఆ పట్టలోని సారమునకు దగ్గఱిచుట్టమే 1897లో జర్మనీలో సిద్ధమైన ఆస్పిరిను.

ఇక నన్నిటికంటె నాశ్చర్యకరమైన కథ విలియము వితరింగు అను వైద్యునిది. 1775లో నతనికడకు ఉబ్బురోగమునకు వాడు నొక యింటిమందు అభిప్రాయార్థమై వచ్చెను. ష్రాప్‌షైరు మండలములో నొక ముసలమ్మ దానిని బహుకాలము రహస్యముగా నుంచెననియు, గొప్పవైద్యులు చేతులెత్తిన రోగులను గొందఱిని కుదిర్చెననియు జెప్పిరి. అందు 20కి పైగా మూలికలుండెను. వాంతులు విరేచనములు మిక్కుటముగా నగుచుండెను. వితరింగు స్వదేశపు మొక్కలను గూర్చి 1776లో పెద్ద గ్రంథము ప్రకటించిన యెఱుక గలవాడు. ఆయన భార్య హెలెనా పూవులను చిత్రించునది, ఆమెకు మొక్కలు దెచ్చియిచ్చుట యాయనకు వాడుక. అట్టివాడు గాన, ఆ మూలికలలో పనిచేయునది ఫాక్సుగ్లవు అను నొక్కటియే యని గ్రహించెను. అది యడవియంచులందు నిలువెత్తు పెరిగి, వ్రేలితొడుగువంటి యూదారంగు పూలు పూయు మొక్క. దాని యాకు హెచ్చయినచో ప్రాణము తీయును.

పదియేండ్లు వితరింగు శ్రమించెను. వేరు వదలి యాకే గ్రహించెను. మొక్క పూచునప్పుడే కోయవలెనని నియమించెను. ఎండబెట్టి పొడిచేసి, గురిగింజ యెత్తున కటునిటుగా నుండు మోతాదునకు దింపెను. అది గుండెయొక్క కొట్టుకొనుటను మార్చునని కనిపెట్టెను. 1785లో, 163 మంది రోగుల వృత్తాంతముతో గ్రంథము ప్రకటించి, ఎవరును పొరపడకుండ మొక్కకు రంగుల చిత్రమును జేర్చెను. కుదిరినవారిని మాత్రము చెప్పుట సులభమే. కాని యది సత్యమునకు ద్రోహమని తలచి, కుదురనివారిని, మందువలన బాధపడినవారిని గూడ దాచక వ్రాసెను. 1930లో దాని దగ్గఱిజాతి మొక్కనుండి డిగాక్సిను అను సారము వేఱుచేయబడినది. గుండెజబ్బులలో వైద్యులు నేటికిని దానిని మిక్కిలి జాగ్రత్తతో నుపయోగించుచున్నారు.

ఆ ముసలమ్మ పేరు మాత్ర మెవ్వరికిని దెలియదు. తరువాతివారు కల్పించిన పేరొకటి ప్రచారమున నున్నది. అది చరిత్ర కాదు. ఆమె వ్రాసిపెట్టలేదు, వ్రాసికొన్నవా రడుగలేదు. ఆమెలేనిదే వితరింగునకు దారి లేదు. వితరింగులేనిదే యామె మందు కొందఱికి ప్రాణదానమై, మఱికొందఱికి ప్రాణాపాయమై, యామెతోడనే యంతరించియుండెడిది. ఇందులో నెవరిని దక్కువ చేయదగదు.

మొక్క నానవాలు పట్టుట నేటికిని ప్రాణములతో జెలగాటమే. పూవు లేనప్పుడు ఫాక్సుగ్లవు ఆకు కంఫ్రీ యను మఱియొక మూలిక యాకును బోలియుండుటచే, కషాయమునకై పొరబాటున గోసి విషము పాలైనవా రీ కాలమునను గలరు. కావున ప్రకృతిసిద్ధమైనది గాన హాని లేదను మాట నమ్మదగినది కాదు.

ఈ విద్య మన తీరమునకును వచ్చినది. స్కాట్లండువాడగు విలియము రాక్సుబరో 1781 మొదలు గోదావరీ ప్రాంతపు సామర్లకోటలో నుండి మన మొక్కలను పరిశీలించి, ఈ దేశపు చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. 1795 మొదలు వెలువడిన యతని ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను గ్రంథమున, శాస్త్రనామము ప్రక్కన మన తెలుగుపేరులును జేరియున్నవి. ఆ పేరులు చెప్పినవారెవరో గ్రంథమున లేదు. ఆ ముసలమ్మవలె వారును మఱుగుననే నిలిచిరి.

సోదరీమణులారా! మన యత్తలును అమ్మమ్మలును వాడు మందులు మనకు గలవు. వానిని వాడుడని గాని మానుడని గాని నేను చెప్పబూనలేదు. అది వైద్యుని పని. వ్రాసిపెట్టుట మాత్రము మన పని. ఏ మొక్క, ఏ యూర నేమందురు, ఆకా వేరా, ఏ ఋతువున గోసిరి, ఎంత యిచ్చిరి, ఎవరికి కుదిరెను, ఎవరికి కుదురలేదు అను నీ సంగతులను, చెప్పినవారి పేరుతో గూడ, ఒక పుస్తకమున నెక్కింపుడు. కుదురనిది వ్రాయుటకు వెనుదీయకుడు. ఒకనాడు తెలిసినవారి కంటబడినచో దానిలో నేది విలువగలదో వారు తేల్తురు. చెప్పిన యిల్లాలి పేరును దానితో నిలుచును.