గూ అనే ఎముక ఎటు తిరిగింది? లినక్స్‌లో చైనీస్ ఫాంట్ల లెక్క

తెలుగుకి యూనికోడ్‌లో ఇచ్చిన గళ్లు 128. చైనీస్ అక్షరాలకు ఇచ్చిన మొదటి పేటలోనే 20,992 ఉన్నాయి. తర్వాత చేరిన పేటలన్నీ కలిపితే 2023 నాటికి లెక్క 97 వేలు దాటింది. ఒక ఓపెన్‌టైప్ ఫాంటులో పట్టే బొమ్మలు ఎంత కుక్కినా 65,535. కాబట్టి చైనీస్ మొత్తానికీ ఒకే ఫాంటు అన్న మాట లేదు. అంతమాత్రాన బెంబేలు పడనక్కర్లేదు. 2013లో చైనా ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక పట్టికలో ఉన్నవి 8,105 అక్షరాలే. అందులో నిత్యం వాడేవిగా గుర్తించినవి 3,500.

షెన్‌జెన్ చిప్ డేటాషీటు తెరిచినా, చైనీస్ పాఠం చదవబోయినా తెర మీద అక్షరాలు చెడి కనిపిస్తే, మనలో చాలామంది దొరికిన ఫాంటల్లా ఎక్కిస్తాం. జబ్బు ఏదో చూడకుండా మందులషాపు మొత్తం మింగడం లాంటిదే ఇది. చెడడంలో మూడు రకాలున్నాయి. మొదటిదానికి మాత్రమే కొత్త ఫాంటు మందు.

ఆ మొదటిది డబ్బాలు. వీటికి టోఫు అని పేరు. ఆ టోఫు ఉండకూడదనే గూగుల్ తన ఫాంట్లకు నోటో అని పేరు పెట్టింది. లినక్స్‌లో చాలా ప్రోగ్రాములు డబ్బా లోపల నాలుగు చిన్న అంకెలు చూపిస్తాయి. కళ్లు చికిలించి చదవండి, అది ఆ అక్షరం చిరునామా. 4 నుంచి 9 లోపు అంకెతో మొదలైతే దాదాపుగా చైనీసే. 0సి0 నుంచి 0సి7 దాకా అయితే మన తెలుగు, 0సి8 దగ్గర కన్నడం మొదలవుతుంది. టెర్మినల్లో ఎఫ్‌సి-లిస్ట్ ఆదేశానికి జెడ్‌హెచ్-సిఎన్ అనే భాషా గుర్తు తగిలించి అడిగితే, చైనీస్ వచ్చిన ఫాంట్లన్నీ వరసగా చెబుతుంది. ఒక్క వరసా రాకపోతే డెబియన్, ఉబుంటుల్లో ఫాంట్స్-నోటో-సిజెకె ప్యాకేజీ వేసుకుంటే సరి.

అసలు చిక్కు రెండోది. అక్షరం కనిపిస్తుంది, డబ్బా ఉండదు, కానీ చైనా మనిషి చూస్తే ఏదో తేడాగా ఉందంటాడు. చైనా, జపాన్, కొరియా వాళ్లు పంచుకునే అక్షరాలకు యూనికోడ్ 1992లో ఉమ్మడి చిరునామాలిచ్చింది. ఎముక అని అర్థమున్న గూ అక్షరం తీసుకోండి. దాని చిరునామా 9ఎఎ8, ఎక్కడైనా అదే. కానీ లోపలుండే చిన్న గడి చైనా అచ్చులో ఎడమకు, జపాన్ అచ్చులో కుడికి ఉంటుంది. గీతలు లెక్కపెడితే చైనా రూపంలో 9, జపాన్ రూపంలో 10. చిరునామా ఒకటే అయినప్పుడు ఏ దేశపు రూపం గీయాలో కంప్యూటర్‌కి ఎవరో ఒకరు చెప్పాలి. మన యంత్రాలు ఇంగ్లిషులోనో తెలుగులోనో నడుస్తాయి కనుక చెప్పేవారుండరు. 2014లో అడోబీ, గూగుల్ కలిసి విడుదల చేసిన నోటో శాన్స్ సిజెకె 65,535 గళ్లనూ నింపేసి రూపాలన్నీ మోస్తుంది. 2018లో హాంకాంగ్ రూపం కూడా చేరి మొత్తం అయిదయ్యాయి. ఏమీ చెప్పకపోతే అది తరచూ జపాన్ రూపమే అందిస్తుంది. ఇక్కడ ఇంకో పది ఫాంట్లు ఎక్కిస్తే గందరగోళం ఇంకాస్త పెరుగుతుంది, అంతే.

సరిచూడడానికి ఎఫ్‌సి-మ్యాచ్ ఆదేశంలో శాన్స్-సెరిఫ్ అని పేరిచ్చి, భాషా గుర్తు లేకుండా ఒకసారి, జెడ్‌హెచ్-సిఎన్ గుర్తుతో ఒకసారి అడగండి. గుర్తుతో అడిగినప్పుడు వచ్చే పేరు చివర ఎస్‌సి ఉంటే సరళ చైనీస్, జెపి ఉంటే జపాన్. మార్చడం కష్టమేం కాదు. ఫాంట్ల ఎంపిక చూసే ఫాంట్‌కాన్ఫిగ్ తన నియమాల ఫైళ్లను పేరు ముందున్న రెండంకెల వరసలో చదువుతుంది. మీ సొంత ఫైలు వంతు 50, సిస్టమ్ ఇష్టాయిష్టాలది 60 నుంచి. మీ మాటే ముందు పడుతుందన్నమాట. హోమ్‌లోని డాట్-కాన్ఫిగ్ లోపల ఫాంట్‌కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఫాంట్స్ డాట్ కాన్ఫ్ రాసి, శాన్స్-సెరిఫ్‌కు ముందు మీ మామూలు ఇంగ్లిషు ఫాంటు, తర్వాత నోటో శాన్స్ తెలుగు, ఆపై నోటో శాన్స్ సిజెకె ఎస్‌సి పెట్టండి. చైనీస్‌ను అన్నిటికన్నా ముందు పెడితే మీ ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు కూడా దాని లోంచే వస్తాయి. నాకైతే అది చూడబుద్ధి కాదు. ఫైర్‌ఫాక్స్‌లో సరళ చైనీస్‌కు ఫాంట్ల అమరిక వేరుగా ఉంటుంది, అక్కడా ఓ కన్నేయాలి.

ఫాంటు ఎంపికలోనే ఇంకో చిన్న చిక్కు, బోల్డ్ అక్షరాలు మసిముద్దలా కనిపించడం. దానికీ ఒక లెక్కుంది. 16 పిక్సెళ్ల ఎత్తులో, గీతకీ గీతకీ మధ్య ఒక పిక్సెల్ ఖాళీ వదిలితే, పట్టే అడ్డగీతలు ఎనిమిదే. వెన్‌క్వాన్‌యి జెన్ హెయ్, డ్రాయిడ్ శాన్స్ ఫాల్‌బ్యాక్ లాంటి పాత ఫాంట్లకు అసలు బోల్డ్ లేదు. అందుకని కంప్యూటరే గీతలను బలవంతంగా లావు చేస్తుంది, ఆ కాస్త ఖాళీ పూడిపోతుంది. నోటోలో లావులు ఏడు రకాలు. మామూలు వాడకానికి రెండు చాలు, అవి పైన చెప్పిన ప్యాకేజీలోనే ఉంటాయి.

మూడోది పిచ్చిగీతలు. చైనా వాళ్లు లుఆన్‌మా అంటారు. దీనికీ ఫాంట్లకూ సంబంధమే లేదు. చైనీస్ విండోస్‌లో చుట్టిన పాత జిప్‌లలోని ఫైలు పేర్లలో ఒక అక్షరానికి రెండు బైట్లు, లినక్స్ వాడే యుటిఎఫ్-8లో మూడు. రెండేసి లెక్కన రాసినదాన్ని మూడేసి లెక్కన చదివితే వచ్చేది చెత్తే. జిప్‌ను ఉనార్ అనే ప్రోగ్రాంతో విప్పితే అది చాలావరకు తనే కనిపెడుతుంది. మామూలు టెక్స్ట్ ఫైలైతే ఐకాన్వ్ ఆదేశానికి జిబి18030 అని చెప్పండి. 1980 నాటి 6,763 అక్షరాల జిబి2312 నుంచి తర్వాతి జిబికె దాకా అన్నీ అందులో ఇమిడిపోతాయి.

ఒక్కచోట మాత్రం ఏ ఆదేశమూ పనిచేయదు. చదవలేని ప్రతిదాని స్థానంలో యుటిఎఫ్-8గా చదివే ప్రోగ్రాము ఒక ప్రశ్నార్థకపు గుర్తు పెడుతుంది, ఆ గుర్తుకు యుటిఎఫ్-8లో మూడు బైట్లు. అలాంటివి రెండు పక్కపక్కన పడి ఆరు బైట్లయి, ఆ ఆరింటినీ ఎవరైనా రెండేసి చొప్పున జిబికెగా చదివితే సరిగ్గా మూడు చైనీస్ అక్షరాలొస్తాయి: ఖున్, జిన్, ఖావ్. మధ్యలోది అరకిలో తూకం పేరు. మూడూ కలిస్తే అర్థమేమీ లేదు. అయినా చైనాలో కంప్యూటర్ ముట్టుకున్నవాళ్లలో ఈ ముగ్గుర్నీ ఎరగనివాళ్లు అరుదు. ఫైలు నిండా ఇవే కనిపిస్తుంటే అసలు బైట్లు ఎప్పుడో పోయాయి. పంపినవాళ్లనే మళ్లీ పంపమని అడగాలి.