అడగకూడని ప్రశ్నలు, అబద్ధం కాని జవాబులు

మొన్న ఒక ఆదివారం ఆరాధన ముగిసి, అందరూ వందనాలు చెప్పుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. మా సంఘంలోని ఒక యువతి మాత్రం వెనుక బల్ల మీదనే కూర్చుండిపోయింది. బి.కాం. పూర్తిచేసి, కంప్యూటరు మీద లెక్కలు వ్రాయడం నేర్చుకున్న పిల్ల. తండ్రి కౌలురైతు. పట్నంలో ఒక సంస్థవారు ఇంటర్వ్యూకు పిలిచారని తెలిసినప్పుడు సంఘమంతా ఆమె కోసం ప్రార్థన చేశాం.

"ఉద్యోగం వచ్చిందట గదమ్మా, మరి దిగులెందుకు?" అని అడిగాం.

"వచ్చింది అమ్మగారూ. అబద్ధం చెప్పి తెచ్చుకున్నాను" అంటూ ఏడ్చేసింది.

జరిగింది ఇదీ. ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. లెక్కల గురించి రెండే ప్రశ్నలు వేశారు. మిగిలిన పావుగంట వేరే సంగతులే. "సంబంధాలు చూస్తున్నారా? పెళ్ళయ్యాక మానేస్తావా? పిల్లలు పుడితే ఎన్నాళ్ళు సెలవు పెడతావు? మీరేమిట్లు? ఆదివారం చర్చికి పోతావా?" ఈస్టరు తరువాత ఆమె పెళ్ళి నిశ్చయమై ఉంది. అయినా "ఐదేళ్ళ వరకు పెళ్ళి మాటే లేదండి" అనేసింది. చర్చి సంగతి అడిగితే "ఎక్కడికీ పోనండి" అనేసింది.

"చలిమంట దగ్గర పేతురులా అయ్యాను అయ్యగారూ" అని ఆమె అన్నప్పుడు మాకు వెంటనే మాట రాలేదు. అబద్ధం తప్పని ఆమెకు మేము వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ ప్రశ్నలు అడిగినవారి మాటేమిటి? పనికి సంబంధం లేని సంగతులు అడిగే హక్కు వారికున్నదా? మా సంఘ సభ్యులైన ఒక ప్లీడరు గారి దగ్గర కూర్చుని ఈ సంగతి అడిగి తెలుసుకున్నాం. పిల్లలను ఉద్యోగాలకు పంపే ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన విషయాలు గనుక ఇక్కడ వ్రాస్తున్నాం.

ప్రశ్నదే తప్పన్న న్యాయస్థానం

ప్లీడరు గారు ముందుగా చెప్పినది జీవిత బీమా సంస్థకు సంబంధించిన ఒక కేసు. 1989లో ఒక స్త్రీ ఆ సంస్థలో అసిస్టెంటు ఉద్యోగానికి పరీక్ష వ్రాసి, ఇంటర్వ్యూలో నెగ్గింది. చేరేముందు ఒక ఫారం నింపమన్నారు. పెళ్ళయిందా, నెలసరి సక్రమంగా వస్తుందా, చివరిసారి ఏ తేదీన వచ్చింది, ఇప్పుడు గర్భవతివా, ఎన్ని కాన్పులయ్యాయి, గర్భస్రావాలు జరిగాయా అని అందులో గళ్ళున్నాయి. ఆమె నింపి ఇచ్చింది. సంస్థ డాక్టరమ్మ పరీక్షించి ఆరోగ్యంగా ఉందని వ్రాసింది. ఉద్యోగంలో చేరింది. 1990 జనవరిలో ప్రసవించింది. ఫిబ్రవరిలో, ఇంకా సెలవులో ఉండగానే, ఉద్యోగం నుండి తీసివేస్తున్నట్టు కాగితం వచ్చింది. ఫారంలో నెలసరి తేదీ తప్పుగా వ్రాసిందని సంస్థవారి వాదన.

హైకోర్టులో ఆమె ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1991 అక్టోబరులో తీర్పు వచ్చింది. ఆమె ఏమి వ్రాసిందన్నది అటుంచి, అసలు కీడు ఆ ఫారంలోనే ఉందని న్యాయమూర్తులు కనిపెట్టారు. అటువంటి సంగతులు చెప్పడానికి స్త్రీకి సిగ్గు, ఆత్మగౌరవం అడ్డు వస్తాయని, అవి అవమానకరమైన ప్రశ్నలని అన్నారు. ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమన్నారు. ఆ గళ్ళను ఫారం నుండి తీసివేయమని సంస్థను ఆదేశించారు.

అంతకు ముందే 1979లో మరొక స్త్రీ ఆ న్యాయస్థానం తలుపు తట్టింది. ఆమె సి.బి. ముత్తమ్మ గారు. 1949లో మన విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ. ఆ సర్వీసులోని స్త్రీ పెళ్ళి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక రాజీనామా చేయమంటే చేయాలి. పురుషులకు అటువంటి నిబంధన లేదు. జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఆ నిబంధనలను తీవ్రంగా విమర్శించి, ఇటువంటి వాటిని సరిచేయవలసినదిగా ప్రభుత్వానికి చెప్పారు. "పెళ్ళెప్పుడు?" అని మన పిల్లలను అడిగే ప్రశ్న వెనుక ఉన్నది ఆ పాత ఆలోచనే.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

ఈ ఈ ప్రశ్నలు అడగరాదని వరుసగా చెప్పే చట్టం ఒక్కటీ మన దేశంలో లేదు. రక్షణ అక్కడక్కడ ఉంది. అది ఎక్కడెక్కడ ఉన్నదో తెలియాలి.

ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో రాజ్యాంగం 16వ అధికరణం స్పష్టంగా చెబుతుంది. కేవలం మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన స్థలం, నివాసం అనే కారణాలతో ఎవరినీ ఉద్యోగానికి అనర్హులనరాదు. రిజర్వేషను కోసం దరఖాస్తులో ఉండే కులం గడి వేరు. అది మేలు కోసం పెట్టినది గనుక, అక్కడ ధృవీకరణ పత్రంలో ఉన్నట్టు నిజమే వ్రాయాలి. కేంద్ర ప్రభుత్వంలోని గ్రూప్ 'సి' ఉద్యోగాలకు, వాటికి సమానమైన చిన్న ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూనే తీసివేశారు. పరీక్ష వ్రాసి నెగ్గితే చాలు.

ప్రైవేటు సంస్థల సంగతికి వస్తే, స్త్రీ అన్న కారణంతో ఉద్యోగంలో చేర్చుకోవడంలో తేడా చూపరాదని 1976లోనే సమాన వేతన చట్టం చెప్పింది. ఇప్పుడు దాని స్థానంలో ఉన్న వేతనాల కోడ్, 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చి, అదే మాట చెబుతున్నది. ఏడాదిలో 80 రోజులు పనిచేసిన స్త్రీకి, పదిమందికి తగ్గకుండా పనిచేసే సంస్థలలో, ఇద్దరు పిల్లల వరకు 26 వారాల ప్రసూతి సెలవు జీతంతో ఇవ్వాలి. ఆ సెలవులో ఉండగా తీసివేయడం చట్టవిరుద్ధం.

హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకుంటేనే ఉద్యోగం ఇస్తామనడం 2017 చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం. ఇది ప్రైవేటు వారికీ వర్తిస్తుంది. వైకల్యం గలవారి విషయంలో, ప్రతి సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 2016 చట్టం కోరుతున్నది. కాని కులమతాల విషయంలో ప్రైవేటు యజమానులందరినీ నేరుగా అడ్డుకునే సమగ్రమైన చట్టం మనకింకా లేదు. ఈ లోటును దాచిపెట్టి మీకు ధైర్యం చెప్పడం మాకిష్టం లేదు.

మన సంఘాల నుండి నర్సులుగా ఇంగ్లండు, అమెరికా వెళ్ళేవారున్నారు. వారికి మరొక మాట. ఉద్యోగం ఇస్తామని చెప్పకముందే అభ్యర్థి ఆరోగ్యం గురించి ఆరాలు తీయడాన్ని అమెరికాలో 1990 నాటి చట్టం, ఇంగ్లండులో 2010 నాటి చట్టం కట్టడి చేశాయి. బరువులు ఎత్తగలవా, రాత్రి డ్యూటీ చేయగలవా అని పని గురించి అడగవచ్చు. ఇంట్లో కూర్చుని ఫోనులో ఇంటర్వ్యూ ఇచ్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అడిగితే ఏం చెప్పాలి?

యెరూషలేములో అపొస్తలుడైన పౌలును వారులతో కట్టి కొరడాలతో కొట్టబోయినప్పుడు ఆయన శతాధిపతి మీద కోపపడలేదు. తీర్పు లేకుండా రోమా పౌరుణ్ణి కొట్టడం న్యాయమేనా అని నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగాడు. అంతే, పని ఆగిపోయింది. చట్టమిచ్చిన హక్కును వాడుకోవడం గర్వం కాదని, అవిశ్వాసం అంతకన్నా కాదని అక్కడ మనకు తెలుస్తుంది.

మన పిల్లలకు నేర్పవలసినది అదే. పెళ్ళి ఎప్పుడని అడిగితే, "అయ్యా, నా పెళ్ళి వలన మీ పనికి లోటు రానివ్వను. పని వేళలు చెప్పండి, చేయగలనో లేదో ఇప్పుడే చెబుతాను" అనవచ్చు. కులం అడిగితే, "ఈ ఉద్యోగానికి దాని అవసరం ఏమిటో చెబితే జవాబిస్తానండి" అనవచ్చు. గర్భం, నెలసరి గురించి అడిగితే, "అది నా సొంత విషయమండి" అని చెప్పి ఊరుకోవచ్చు. విశ్వాసం గురించి అడిగితే, చెప్పదలచుకున్నవారు తలెత్తుకుని చెప్పవచ్చు. చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనంటే చాలు. మౌనంగా ఉండడం వేరు, బొంకడం వేరు.

ఇలా చెప్పినందుకు ఉద్యోగం రాకపోవచ్చు. వస్తుందని మేము మాట ఇవ్వలేము. ఇచ్చిన ఫారాల నకలు దగ్గర ఉంచుకోండి. ఏ రోజు, ఎవరు, ఏమి అడిగారో ఇంటికి రాగానే వ్రాసిపెట్టుకోండి. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం చేస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు.

మనం కూర్చునే కుర్చీలు

ఇదంతా తెలుసుకుని ఇంటికి వచ్చాక మాకు మరొక సంగతి జ్ఞాపకం వచ్చి తల దించుకున్నాం. కొన్నేళ్ళ క్రితం మేము ఒక పాఠశాల కమిటీలో కూర్చుని టీచర్లను ఎంపిక చేశాం. భర్త చనిపోయిన ఒక సహోదరి వచ్చింది. "పిల్లలను ఎవరు చూసుకుంటారమ్మా? మళ్ళీ పెళ్ళి ఆలోచన ఉందా?" అని అడిగినది మేమే. జాలితో అడిగామనుకున్నాం. అదే రోజు వచ్చిన మగవారిని ఒక్కరినీ ఆ మాట అడగలేదు. ఆమెకు ఉద్యోగం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఇప్పుడు ఆలోచిస్తే మాకు మంచి కారణం కనబడడం లేదు.

సంఘ కాపరిని ఎన్నుకునేటప్పుడు విశ్వాసం గురించి అడగాలి, అది ఆ పనిలో భాగం. మత సంస్థల పదవుల విషయంలో రాజ్యాంగం కూడా దీనికి చోటిచ్చింది. కాని లెక్కల గుమాస్తాను, ఆయాను, డ్రైవరును తీసుకునేటప్పుడు మనం ఏమేమి అడుగుతున్నాం? ఆసుపత్రి, బడి, హాస్టలు కమిటీలలో కూర్చునే పెద్దలారా, ఈసారి ఇంటర్వ్యూకు ముందు మీ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద వ్రాసుకోండి. పనికి అక్కరలేని ప్రశ్నను కొట్టివేయండి. స్త్రీని అడిగేది పురుషుణ్ణి అడగకపోతే దాన్నీ కొట్టివేయండి.

ఆ యువతి సంగతి చెప్పి ముగిస్తాం. సోమవారం ఆమె ఉద్యోగానికి వెళ్ళి, ముందుగా మేనేజరు గారి గదిలోకి పోయింది. "ఈస్టరు తరువాత నా పెళ్ళండి. ఆదివారం చర్చికి వెళ్తానండి. ఆ రోజు భయపడి లేదన్నాను, క్షమించండి. కాని ఆ ప్రశ్నలు నా పనికి సంబంధించినవి కావండి" అని చెప్పిందట. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదట. తరువాత గుమాస్తాను పిలిచి, పోయిన నెల ఖాతాలు ఆమెకు ఇమ్మన్నారట.

ఆమె పెళ్ళికి మనమందరం వెళ్దాం. పెళ్ళయిన తరువాత కూడా ఆ ఉద్యోగం ఆమెకు నిలిచేలా ప్రార్థన చేద్దాం.