కటకం: వేగమా, నిదానమా?

“ఆలస్యం అమృతం విషం” అని ఒక సామెత. “నిదానమే ప్రధానం” అని మరొకటి. రెండూ మన నోట నిత్యం ఆడేవే, రెండూ సత్యాలే. ఏ వేళకు ఏది వర్తిస్తుందో ఎరగడంలోనే వివేకమంతా ఉన్నది. ఈ వివేకం కావ్యరచనకూ సంసారానికీ ఎంత అవసరమో, ఫిల్ము కెమెరాకు కటకం ఎన్నుకొనే వేళ కూడ అంతే అవసరం.

చేతిఫోనుతో క్షణానికొక బొమ్మ తీయగల ఈ రోజులలో కొందరు విద్యార్థులు తాతలనాటి 120 ఫిల్ము కెమెరాలను బీరువాలనుంచి వెలికి తీస్తున్నారు. చదరపు బొమ్మలైతే చుట్టకు వచ్చేవి పన్నెండే. అందుచేత ప్రతి బొమ్మకూ ఆలోచన కావాలి. “వేగమైన లెన్సు కొనడమా, నిదానమైనదానితో సరిపెట్టుకోవడమా?” అన్నది వారి మొదటి ప్రశ్న. తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి ఈ గొడవ ఎందుకని పాఠకులు అడుగవచ్చును. ఉన్నదానిలో ఔచిత్యం ఎరిగి వాడుకోవడమనేది మా పాఠంలోని విషయమే గదా!

కటకం పరుగెత్తదు, మరి దానికి వేగమేమిటి? నాభ్యంతరాన్ని వెలుతురు ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. 80 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి 28.5 మిల్లీమీటర్ల ద్వారం ఉంటే అది సుమారు ఎఫ్ 2.8. ద్వారం 20 మిల్లీమీటర్లే అయితే ఎఫ్ 4. సంఖ్య చిన్నదయినకొద్దీ ద్వారం పెద్దది, వెలుతురు అధికం, షట్టరు తెరచి ఉంచవలసిన కాలం స్వల్పం. ఆ స్వల్పతకే వేగమని పేరు.

ఈ వేగం కోసం మానవుడు తపించిన కాలం ఒకటి ఉండెను. ఫలకాలు మందమైనవి గనుక మనిషి కదలక మెదలక కూర్చుండవలసి వచ్చేది. 1840లో పెట్జ్వాల్ రూపొందించిన కటకం అంతకు ముందటివానికంటె ఎన్నో రెట్లు వెలుతురు నిచ్చి ముఖచిత్రాలకు దారి తీసింది. సికిందరాబాదులో చిత్రశాల నడిపి, 1905లో కన్నుమూసిన రాజా దీన్ దయాళ్ నాటి ఫలకాలు కూడ నేటి ఫిల్ముకంటె ఎంతో మందమైనవి. నాటి అవసరం నేడు అదే రీతిగా లేదు.

ఉదాహరణకు జర్మనీ దేశపు రోలైఫ్లెక్స్ కెమెరాలను తీసుకొందాము. 1958లో వచ్చిన 3.5ఎఫ్‌లో 75 మిల్లీమీటర్ల కటకం, 1960లో వచ్చిన 2.8ఎఫ్‌లో 80 మిల్లీమీటర్ల కటకం అమర్చారు. 3.5ను 2.8తో భాగించి వర్గం చేస్తే 1.56. అనగా రెండవది ఒకటిన్నర రెట్లు వెలుతురు ఎక్కువ గ్రహిస్తుంది. అంతే! 100 వేగపు ఫిల్ముకు బదులు 400 వేగపు ఫిల్ము వేస్తే లాభం నాలుగు రెట్లు. ఫిల్ము వేగం పెరిగితే బొమ్మలో రేణువులు పెరుగుతాయి, నిజమే. కాని 35 మిల్లీమీటర్ల ఫిల్ము బొమ్మకు మూడున్నర రెట్లు వైశాల్యం గల ఈ పెద్ద బొమ్మలో ఆ లోపం అంతగా కనబడదు.

ఇక మన ఎండ సంగతి. నాలుగు దిక్కులనుంచి రైళ్లు వచ్చి కలిసే రేణిగుంట జంక్షన్‌లో, మిట్టమధ్యాహ్నం, పడమటి కొండలు వెనుక కనబడేటట్లు ఒక బొమ్మ తీయాలని ఉన్నదనుకొందాము. 100 వేగపు ఫిల్ముకు ఎఫ్ 16 వద్ద సెకనులో 125వ వంతు చాలును. రోలైఫ్లెక్స్ షట్టరు అత్యధిక వేగం సెకనులో 500వ వంతు. ఆ వేగాన ద్వారాన్ని ఎఫ్ 8 వరకే తెరువగలము. ఎఫ్ 2.8 తెరిస్తే సెకనులో 4000వ వంతు కావాలి. అది ఆ యంత్రానికి లేదు. అనగా, నల్లని ఫిల్టరు తగిలించుకొంటే తప్ప, మన ఎండలో పెద్ద ద్వారం మూసి ఉన్న తలుపే.

మరి దాని అవసరం ఎక్కడ? తెల్లవారుజాము ముహూర్తాన, దీపాల వెలుగులో, ఫ్లాష్ వేయకుండ తలంబ్రాలు తీయవలసినప్పుడు. ఒక మోస్తరు దీపకాంతిలో 400 వేగపు ఫిల్ముకు ఎఫ్ 2.8 వద్ద సెకనులో 30వ వంతు పట్టేచోట, ఎఫ్ 3.5 వద్ద సుమారు 20వ వంతు పడుతుంది. కదిలే చేతుల విషయంలో ఆ కొంచెమూ గొప్పదే. కదలని వస్తువైతే మూడుకాళ్ల స్టాండు రెంటినీ సమానం చేస్తుంది.

వేగానికి చెల్లించవలసిన మూల్యం మరొకటి ఉన్నది: స్పష్టతకు గల లోతు. ఒకటిన్నర మీటరు దూరాన కూర్చున్న అవ్వను ఎఫ్ 2.8తో తీస్తే, స్పష్టంగా పడే లోతు సుమారు 9 సెంటీమీటర్లు. 3.5 కటకంతో సుమారు 13. కన్నులకు గురి పెడితే ముక్కుపుడక మెరుస్తుంది, చెవి కమ్మలు మసకబారుతాయి. ఆ మసక ఒక అందమనేవారు ఉన్నారు, కాదనను. కాని చాల ఇండ్లలో పెద్దలకు మిగిలేది గోడమీది పటం ఒక్కటే. మనుమరాలు రేపు ఆ కమ్మల పనితనం చూడగోరితే, మసక ఏమి చెప్పగలదు?

పెద్ద ద్వారం ఉన్నది గనుక చూపు తెర ప్రకాశవంతంగా ఉంటుందని కొందరి వాదం. ఒకే కటకంతో చూచి తీసే హాసెల్‌బ్లాడ్ వంటి కెమెరాలకు ఇది సత్యం. రెండు కటకాల రోలైఫ్లెక్స్‌లో చూపు కటకం వేరు. పై రెండు నమూనాలలోనూ అది ఎఫ్ 2.8 దే. కనుక అక్కడ ఆ వాదం చెల్లదు.

కాబట్టి విద్యార్థులకు నేను చెప్పేది ఇంతే. దీపాల వెలుగులో, కదిలే మనుషులనే తరచుగా తీసేవారు వేగమైనదాన్ని కొనవచ్చును. అది వారికి వృథా కాదు. పగటివేళ ఊరినీ మనుషులనూ, కొండలనూ గుడిగోపురాలనూ తీయగోరేవారు నిదానమైనదాన్ని తీసుకొని, మిగిలిన డబ్బు ఫిల్ముకూ స్టాండుకూ వెచ్చించడం మేలు. ఎఫ్ 8 వద్ద రెండు కటకాల బొమ్మలనూ పక్కపక్కన పెడితే ఏది దేనిదో చెప్పడం కష్టం. ఎక్కువ చుట్టలు తీసి, ప్రతి బొమ్మకూ ద్వారమూ కాలమూ నోటుపుస్తకంలో వ్రాసుకొన్నవానికి మాత్రం, వెలుతురును చూడగానే కొలవగల చూపు అలవడుతుంది. ఆ చూపును ఏ కటకంతోనూ కొనలేము.